దారి పక్క గుంట

మాష్పీ ఊరి నుంచి

తమ్ముడు ఎలిషాకి అక్క దీవెనలు.

తిమింగలాల వేటలో పడి మన దారి పక్క గుంటను మరిచిపోయావా? తెల్లవాళ్ల ఓడలతో వచ్చిన రోగానికి ఊరు ఊరంతా పోతే, ముత్తవ్వ చంటిబిడ్డతో ఆగి ఏడ్చిన చోట మనవాళ్లు గుర్తుగా తవ్విన గుంట. అటు వెళ్లినప్పుడల్లా అమ్మమ్మ మనచేత ఆకులు తీయించి, ఆ కథ చెప్పేది. "ఎవడడిగినా సరే, మన వాంపనోగు జాతివాళ్లు ఈ కథ చెప్పకుండా పోకూడదర్రా" అనేది.

ఇప్పుడా నేల తనదంటున్నాడు ఒక ఇంగ్లీషు దొర. వాడు పూడ్చడం, నేను తవ్వడం. మొన్న ఎదురుపడి, "ఏముందే ఇందులో, ముసలిదానా?" అని అరిచాడు. అడిగాడు కదా! కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఈరోజు వెళ్లి చూస్తే, గుంటలో ఆకులు ఎవరో తీసేసి ఉంచారు.

నేనెన్నాళ్లుంటానో తెలియదు, త్వరగా రా. మన కథ చెప్పడానికి చివరికి వాడొక్కడే మిగలకూడదు.