గోధుమ పిండి లేని వంటిల్లు

అత్తమ్మా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ కొడుకు జబ్బుకు పేరు దొరికింది. సీలియాక్ అట. గోధుమ ఆయన ఒంటికి పడదు. గల్ఫ్ క్యాంపులో మూడు పూటలా గోధుమ రొట్టెలే తిని అంతగా చిక్కిపోయి వచ్చాడు.

"రవ్వంత గోధుమ గూడ ముట్టనియ్యకు బిడ్డా" అంది జగిత్యాల డాక్టరమ్మ. చపాతీ పిండి పక్కింటికి ఇచ్చేశాను. పెనం కొత్తది కొన్నాను. ఇంగువలోనూ గోధుమ పిండి కలుపుతారని తెలిసి అదీ మానేశాను. గిర్నీలో గోధుమలు పట్టే మరలోనే జొన్నలూ పడతారు. అందుకని ఇంట్లోనే మిక్సీలో పిండి చేసుకుంటున్నాను. పిల్లలు చపాతీల కోసం కొన్నాళ్ళు అలిగారు. ఇప్పుడు జొన్నరొట్టె అడిగి తింటున్నారు. నాలుగు నెలల్లో ఆయనకు కాస్త ఒళ్ళు వచ్చింది.

నిన్న నీ పేరున మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్క రెండుసార్లు పెట్టించుకున్నాడు. చేయి కడుక్కుని నీ ఫోటో ముందు నిలబడ్డాడు.

"తాగి తాగి గిట్లయిండని అమ్మ నాతోని మాట్లాడుడే బంద్ చేసె. నేను తాగలేదని ఇగ అమ్మకు ఎవలు చెప్తరు?" అన్నాడు.

"నేను చెప్త" అన్నాను.

తాగుతున్నాడేమోనని మొదట నీ చెవిన వేసింది నేనేనని ఆయనకు ఇంకా చెప్పలేదు, అత్తమ్మా.