కట్టెలు నరికేది

కొచ్కోర్,
అక్టోబరు 19.

గౌరవనీయులైన బుర్మా వదినకు,

మీ మరదలు జిపారా నమస్కరించి రాసేది. మీ ఒంట్లో కులాసాయేనా? పిల్లలు, గొర్రెలు, మీ కుంటి గుర్రం అంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మొదటి మంచు పడింది.

మీ ఉత్తరం అందింది. జూన్‌లో మీ తమ్ముడు సమత్ ఫోన్లోనే మూడుసార్లు తలాక్ అని విడాకులు చెప్పేశాడు కదా, ఇంకా ఆ ఇంట్లో నీకేం పని, వాడు కొత్త పెళ్ళాన్ని తెచ్చుకునేలోగా ఖాళీ చెయ్యి అని రాశారు. మీరన్నది న్యాయమే. కానీ మామయ్య నడుం పట్టేసి మంచంలో ఉన్నారు. లేచి తిరిగేదాకా నన్నుండనివ్వండి. నాకెవరి మీదా కోపం లేదు. ఏడుపూ రావడం లేదు. చలికి మొద్దుబారిన వేళ్ళలా ఉంది లోపల, అంతే.

బళ్ళో ఒకటి జరిగింది. మాట చివర తగిలించే ప్రత్యయాలన్నీ కొత్త పుస్తకంలో ఒకే మాటతో నేర్పమన్నారు. ఆ మాట కట్టెలు నరికే వస్తువు పేరు. మామయ్య పేరులో ఉన్నదీ అదే. కోడలినయ్యాక పదహారేళ్ళుగా పలకని మాట ఇప్పుడెలా పలకను? 'కట్టెలు నరికేది' అంటూ పాఠం నడిపాను. నా కట్టెలు నరికేది, నీ కట్టెలు నరికేది, దానికి, దానిలో, దాని నుంచి అంటూ పిల్లలు వంత పాడారు. తనిఖీకి వచ్చిన పట్నం అధికారి కాసేపు విని, ఇది పాఠమా తల్లీ, పొడుపు కథా అన్నాడు. ముందు బెంచీలో పిల్ల లేచి, అది మా టీచరు మామగారి పేరండీ, కోడలు అనకూడదండీ అంది. అందరూ నవ్వారు. హెడ్మిస్ట్రెస్ నా చెవిలో, మొగుడే వదిలేశాక ఇంకా మామేంటే, అనెయ్, నోరేం కాలిపోదు అంది. సుద్దముక్కతో బోర్డు మీద తర్వాతి ప్రత్యయం రాయబోయాను. గంట కొట్టేశారు. అధికారి ఏదో రాసుకుని వెళ్ళాడు.

సాయంత్రం మాంసం చారు పోస్తూ మామయ్యకు చెప్పాను. జూన్ తర్వాత మొదటిసారి నవ్వారు. కోడలికే ఆ అడ్డు, కూతురికి లేదు, ఏదీ, ఒక్కసారి అనమ్మా అన్నారు. టీ నీళ్ళ సమోవార్ మరుగుతోందని వంక పెట్టి లేచి వచ్చేశాను.

ఈ చలికాలం మీ మందకు గడ్డి సరిపోవాలని కోరుకుంటూ,

మీ మరదలు,
జిపారా.

తా.క.: పైదంతా మామయ్యకు చదివి వినిపించాను, బాగుందన్నారు. ఇది ఆయనకు తెలియకుండా రాస్తున్నాను. ఆయన నడుం బాగానే ఉంది. అసలు పట్టేయనే లేదు. మీ ఉత్తరం వచ్చిన రోజునుంచీ, మీ ఊరివాళ్ళెవరు గడప తొక్కినా మంచమెక్కి మూలుగుతున్నారు. వాళ్ళు మలుపు తిరగగానే లేచి గుర్రానికి నీళ్ళు పెడుతున్నారు. నిన్న కిటికీలోంచి చూశాను. ఇన్నాళ్ళకు ఏడుపొచ్చింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి నాకోసం అబద్ధమాడుతున్నారు, వదినా. వెళ్ళిపొమ్మనే రాసేటట్టయితే ఆయనకు రాయకండి. నాకు రాయండి.