చెయ్యి లేస్తే ఇల్లు లేదు

చిట్టి నాన్నా, నా ప్రజ్జూ, నువ్వుంటే ఈ కాగితం నువ్వే రాసిపెడుదువు. లేవు కాబట్టి నేనే రాస్తున్న. తప్పులుంటే నవ్వకు.

నేను బొల్లం సరోజన, కొమరయ్య భార్యను, కెనడాల టొరంటో పక్కన ఏజాక్స్‌ల ఉంటున్న. క్యాన్సర్ కడుపులో ఉన్నది, తలకాయలో లేదు. తెలిసే రాస్తున్న. ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఇంతకుముందు రాసినవి ఏమన్నా ఉంటే చెల్లవు. ఇందులో ఉన్నది జరిపించే బాధ్యత నా బిడ్డ నిఖిలది.

1. నా బంగారు గాజులు నిఖిలకు. చెరిపించి కొత్త మోడల్ చేయించుకున్నా నాకు కోపం లేదు.

2. నా కొడుకు ప్రజ్వల్ బేస్‌బాల్ చొక్కాలు సూట్‌కేసుల ఉన్నయి, ఒక్కో ఊరి టీమ్‌ది ఒక్కో రంగు. వాంకూవర్‌ది కూడా ఉన్నది. ఒక టీమ్ వద్దంటే ఇంకో టీమ్, ఏండ్లకేండ్లు బస్సులల్ల తిరిగిండు. చలికాలం ఇక్కడి కేంబ్రిడ్జ్ ఊర్ల గోదాంల డబ్బాలు మోసిండు, ఎండాకాలం అదే భుజంతోని బంతి విసిరిండు. ముప్పై రెండేండ్లకు మేజర్ లీగ్ పెద్ద టీమ్ పిలిచింది. "అమ్మా, పిలిచిన్రే" అని ఫోన్‌ల ఏడ్చిండు. చొక్కాలన్నీ వాడు ఆట నేర్చుకున్న క్లబ్‌కు ఇయ్యాలె. పెద్ద టీమ్ చొక్కా మాత్రం నా మీద కప్పి కాల్చాలె. దానికి రక్తం మరక ఉన్నది. పోలేదు, నేను పోగొట్టలేదు.

3. పెద్ద టీమ్ కోచ్‌కు ఏమీ లేదు. ఎందుకో రాస్తున్న. బేస్‌బాల్‌ల ఒక పద్ధతి ఉన్నదట, రూల్ పుస్తకంల ఉండదట. అవతల బంతి విసిరేటోడు మనోణ్ని బంతితోని కొడితే, మనోడు వాళ్లోణ్ని కొట్టాలె. ఆ రోజు మన ఆటగాడి పక్కటెముకలకు కొట్టిన్రు. కోచ్ నా కొడుకును పక్కకు పిలిచి చెవుల చెప్పిండు, టీవీల లోకమంతా చూసింది. వినకపోతే మళ్ల చిన్న టీమ్ బస్సే. వాడు విసిరిండు. అవతలి టీమ్‌ల మార్కో అనే పిల్లగాని వీపుల తగిలింది. మార్కో బ్యాట్ పారేసి మీదికి ఉరికిండు. రెండు టీమ్‌లూ వచ్చి మీద పడ్డయి. పిడిగుద్దులు, అడుగున ఇనుప ముళ్లున్న బూట్లు. అందరూ లేచిన్రు, నా కొడుకు లేవలేదు. మెడల ఎవరి బూటు దిగిందో ఎవరూ చెప్పలేదు. కోచ్ ఏమన్నడు? "నేనేం చెప్పలేదు, వాడే కోపంల విసిరిండు" అన్నడు. నీ నోట్ల మన్నుపడ! నా కొడుక్కు కోపమే రాదు. ఇంట్ల వాళ్ల బాపు కోపం చూసి చూసి పెరిగినోడు.

4. ప్రజ్వల్ గ్లవ్ మార్కోకు. నిఖిలా, అరవకు. దినాలు అయినంక ఆ పిల్లగాడు మన గడప ముందటికి వచ్చి నిలబడ్డడు. మీ బాపు గ్యారేజీల నుంచి బ్యాట్ తెచ్చి కొట్టిండు. వాని మెడ కింద ఎముక విరిగిన చప్పుడు నాకు వంటింట్లకు వినపడ్డది. రెండో దెబ్బకు మోకాళ్ల మీద పడ్డడు. చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. నేను ఉరికి వాని మీద పడితే ఇంకో దెబ్బ నా భుజానికి తగిలింది. పోలీసులు అడిగితే ఆ పిల్లగాడు మెట్ల మీదికెళ్లి పడ్డనని చెప్పిండు. ఇప్పటికీ ఫోన్ చేసి "ఆంటీ" అంటడు. నాకొచ్చిన ఇంగ్లీష్ అంతల్నే అయిపోతది. "తిన్నవా" అని తెలుగులనే అడిగి ఫోన్ పెట్టేస్త.

5. ఈ ఇంట్ల నా సగం నా పెనిమిటి కొమరయ్యకు, ఒక్క షరతు మీద. బ్యాట్ ఇంకా ఆయన కారు డిక్కీలనే ఉన్నది. మార్కో టీమ్ టొరంటో ఎప్పుడొస్తదో ఫోన్‌ల చూసుకుంటుంటడు. "నువ్వున్నన్ని రోజులే ఆగుత, ఆ తర్వాత వాణ్ని ఉంచ" అని నా మొహం మీదనే అన్నడు. అందుకే ఈ కాగితం. మార్కో మీద గాని, ఇంకెవరి మీద గాని ఆయన చెయ్యి లేస్తే, ఆ రోజు నుంచి నా సగం నిఖిలది. ఇల్లు అమ్మాలె, ఆయన బట్టలు బయటపెట్టాలె. బిడ్డా, కాళ్లు పట్టుకున్నా కరగొద్దు. ఏదేమైనా, ఆ బ్యాట్‌ను ముందుగాలనే రంపంతోని కోసి నన్ను కాల్చే పెట్టెల పెట్టాలె.

6. ప్రజ్వల్ బాపూ, ఇది నీకు. వాళ్లు కొట్టిన్రని మనం కొట్టాలె అనే పద్ధతే నా కొడుకును తిన్నది. కోచ్ చెవుల చెప్పిన పనే నువ్వు ఎవరూ చెప్పకుండనే చేస్తున్నవు. వాడు చిన్నగున్నప్పుడు బేస్‌మెంట్‌ల వాని బంతులు పట్టి పట్టి నీ చిటికెన వేలు వంకరపోయింది. "ఇంకోటి వెయ్‌రా" అని నవ్వేటోనివి. నీ చెయ్యిని నేను అట్లనే యాదుంచుకొని పోవాలె. ఈ ఒక్కటి నాకియ్యి.

ఏజాక్స్, 2025 అక్టోబర్ 14.
సంతకం: బొల్లం సరోజన

నేను సంతకం పెట్టంగ కండ్లార చూసినోళ్లు:
పక్కింటి సీతాదేవి
ఆమె భర్త కోదండరామ్

ఏమయ్యా, నేను లేనని పస్తులుండకు. వేళకు కడుపునిండ తిను.