ఎల్. డిస్. దొరగారూ, వారి అన్నగారూ

పెదపాలెం, ఉయ్యూరు పోస్టు,
ఆగస్టు 5, 1974.

మహారాజశ్రీ ఎల్. డిస్ దొరగారికి శౌరమ్మ వందనాలు చేసి రాసుకునే మనవి.

కాలవగట్టు నుంచి మా సమాధుల తోటకు బండిబాట ఒకటి ఉంది. నిరుడు బసవపున్నయ్యగారు ఆ బాటను తన చెరకు తోటలో కలిపేసుకుని ముళ్లకంచె వేశారు. మేం అర్జీ పెడితే సర్వేయరుగారు వచ్చి, గొలుసు పట్టి కొలిచి, బాట అందరిదీ అని రాసుకుపోయారు. ఆపైన అలికిడి లేదు. సంగతేమిటని అడిగితే మొన్న మీ రెవెన్యూ కచేరీ నుంచి కార్డు వచ్చింది. "కాగితములు సంవత్సరాంతమున నాశనము చేయబడును" అని ఉంది. అడుగున ఎల్. డిస్. అని తమరి సంతకం ఉంది.

అయ్యా, ఆ కాగితాలు పోతే మా బాట పోయినట్టే. మా ఆయన శౌరయ్య ఆ తోటలోనే ఉన్నాడు. పోయిన సమాధుల పండక్కి కంచె ఇవతల కాలవగట్టునే నిలబడి కొవ్వొత్తి వెలిగించాను. గాలికి అదీ ఆరిపోయింది. ఏడుపొచ్చింది. తమరు దయతలచి కాగితాలు ఉంచండి.

చిత్తగించవలెను,
శౌరమ్మ

తా.క.: తమరిది గోవానా? ఇలాంటి పేర్లు గోవా వాళ్లకే ఉంటాయని మా చర్చి ఉపదేశి మరియదాసు అన్నాడు. అయితే మనవాళ్లే.

* * *

విజయవాడ,
ఆగస్టు 14.

శ్రీమతి శౌరమ్మగారికి,

మీ ఉత్తరం అందినది. ఎల్. డిస్. మనిషి కాదు. పని ముగిసిన ప్రతి ఫైలుకూ మేము ఒక తరగతి వేస్తాము. ఎల్. డిస్. అయితే ఒక ఏడాది ఉంచడం. డి. డిస్. అయితే పదేళ్లు. ఆర్. డిస్. శాశ్వతం. మీ ఫైలు ఎల్. డిస్.లో పడినది. తరగతి మార్చే అధికారం ఆఫీసరుగారిది, నాది కాదు.

ఇట్లు,
రామకోటేశ్వరరావు,
రికార్డు కీపరు

తా.క.: నాది గుడివాడ.

* * *

పెదపాలెం,
ఆగస్టు 26.

రామకోటేశ్వరరావుగారికి శౌరమ్మ దీవెనలు.

బాబూ, పెద్దదాన్ని కాబట్టి చెబుతున్నాను. పైఅధికారిని పట్టుకుని మనిషి కాదు అని కార్డు మీద రాయవచ్చునా? పోస్టుమాను గట్టిగా చదివాడు, పాలెమంతా విన్నది. ఎంత కఠినుడైనా ఆయన చేతికింద పనిచేస్తున్నారు, నోరు కాస్త అదుపులో పెట్టుకోండి.

అన్నదమ్ముల సంగతి రాసి మాత్రం మేలు చేశారు. తరగతులంటే హోదాలని మరియదాసు విడమరిచి చెప్పాడు. చిన్నాయన ఎల్. గారు దేన్నీ ఏడాదికి మించి ఉంచరు. నడిమాయన డి. గారిది పదేళ్ల ఓపిక. పెద్దాయన ఆర్. గారు చేతికి చిక్కింది వదలరు. ఇక చిన్నాయనతో నాకేం పని? పెద్దాయనకే విడిగా కవరు పంపాను.

ఉంటాను,
శౌరమ్మ

తా.క.: ముగ్గురన్నదమ్ములకూ ఒకే ఆఫీసులో ఉద్యోగాలా! మా వాళ్లలో ఒక్కడికి బంట్రోతు పని దొరకలేదు.

* * *

విజయవాడ,
సెప్టెంబరు 20.

శౌరమ్మగారికి,

మీ కవరు వచ్చినది. దాని మీద "ఆర్. డిస్." అని పెద్ద అక్షరాలతో రాశారు. పక్కనున్న "గారికి" తపాలా ముద్ర కింద పడిపోయినది. మా తపాలా గుమాస్తా ఇశ్రాయేలు దాన్ని ఉత్తర్వు అనుకుని, మీ ఫైలు పైన కుట్టి, సంతకాల కట్టలో పెట్టాడు. ఆఫీసరుగారు సంతకం చేశారు. ఇప్పుడు మీ ఫైలు ఆర్. డిస్.

పొరపాటు జరిగినదని నివేదిక రాయడానికి కూర్చుని ఫైలు తెరిచాను. మా పని ఫైళ్లు దాచడమే గాని చదవడం కాదు. ఈసారి చదివాను. సర్వేయరు పటంలో బాట స్పష్టంగా ఉన్నది. ఊరి బాటల కాగితాలు శాశ్వతంగా ఉంచాలని నిబంధన. దాన్ని ఎల్. డిస్.లో వేయడమే అసలు పొరపాటు. నివేదిక మానుకున్నాను.

మరొకసారి మనవి. డిస్ అనే పేరుగలవారు ఈ ఆఫీసులో ఎవరూ లేరు.

ఇట్లు,
రామకోటేశ్వరరావు

తా.క.: నా నోరు అదుపులోనే ఉన్నది.

* * *

పెదపాలెం,
అక్టోబరు 9.

రామకోటేశ్వరరావుగారికి దీవెనలు.

ఎవరూ లేరన్న ముక్క చదివి గుండె ఆగినంత పనైంది. ముగ్గురినీ ఒక్కసారే బదిలీ చేశారా?

కాగితం ఆర్. డిస్ దొర చేతిలో పడిందని నేనే ఊరంతా చాటాను. అది విని బసవపున్నయ్యగారు సోమవారం బెజవాడ వస్తున్నారు. దొరను బతిమాలి, కాగితాన్ని మళ్లీ చిన్నాయన దగ్గరికి దింపించాలని ఆయన ఎత్తు. దొర లేడని తెలిస్తే ఈ జన్మలో కంచె తియ్యరు. పండగ నవంబరు రెండున. నాకు మోకాళ్లు పట్టేశాయి, వచ్చే ఏటికి గట్టు దాకా అయినా నడవలేనేమో. శౌరయ్య దగ్గరికి ఒక్కసారి పోయి కూర్చోవాలని ఉంది బాబూ.

ఉంటాను,
శౌరమ్మ

తా.క.: బదిలీ ఇబ్రహీంపట్నానికైతే దొరగారికి భోజనం ఇబ్బంది లేదు. మా చెల్లెలు మార్త అక్కడే ఉంది.

* * *

విజయవాడ,
అక్టోబరు 16.

శౌరమ్మగారికి నమస్కారాలు.

బసవపున్నయ్యగారు వచ్చారు. ఇస్త్రీ పంచె, చేతిలో బెల్లం బుట్ట. "ఆర్. డిస్ దొరగారున్నారాండీ?" అని అడిగారు.

నా సర్వీసులో ఉన్నదాన్ని లేదనలేదు, లేనిదాన్ని ఉందనలేదు. అలాంటివారు లేరండీ అందామనే నోరు తెరిచాను. మీ మోకాళ్లు గుర్తొచ్చాయి.

"క్యాంపులో ఉన్నారండీ," అన్నాను.

"మనిషి ఎట్టాంటివారండీ?"

"మనిషి కాదండీ," అన్నాను. అది నిజమే.

"ఆయన చేతిలో పడ్డ కాగితం ఎనక్కి రావాలంటే ఏం చెయ్యాలండీ?"

"ఇంతవరకూ ఒక్కటీ రాలేదండీ." అదీ నిజమే.

ఆయన బల్ల మీద కూర్చుని చెమట తుడుచుకున్నారు. కాసేపటికి కాగితం అడిగి, పండుగలోపు కంచె తీసేస్తానని ఆర్. డిస్. దొరగారి పేరున హామీ రాసి, సంతకం చేసి ఇచ్చారు. బెల్లం వద్దని పంపేశాను. ఇశ్రాయేలు ఆ హామీకి నంబరు వేశాడు, నిబంధన ప్రకారం మీ ఫైల్లోనే కుట్టాం. అది శాశ్వతంగా ఉంటుంది. నా తర్వాత వచ్చే రికార్డు కీపర్లు దొరగారెవరని తలలు పట్టుకుంటారు. వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు.

ఇట్లు,
ఆర్. డిస్. గారి తరఫున,
రామకోటేశ్వరరావు

తా.క.: పండుగనాడు మీరు దొరగారిని భోజనానికి పిలుస్తారని నాకు తెలుసు. ఆయన రారు. నన్ను పిలిస్తే ఉయ్యూరు బస్సెక్కి వస్తాను.