చప్పుడు ఆగినప్పుడు

యాదన్నా,

ఇది నీకు అందదు. అయినా నిన్న సూర్యాపేటల జరిగింది నీకు చెప్పకుంటే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

మన రేడియో స్టేషన్ పాతోళ్లందరం ఫంక్షన్ హాల్ల కలిసినం. నువ్వు పోయినంక ఇదే మొదటిసారి. నేను మిర్యాలగూడ నుంచి బస్సుల పోయిన. వదిన కోదాడ నుంచి వచ్చి ముందు వరుసల కూసుంది. భోజనాలకు ముందు ఎవరో నీ పేరు చెప్పి, రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నరు. అందరం లేచి నిలబడ్డం.

మౌనం మనోళ్లతోని అయ్యే పనేనా అన్నా? ప్రసారం నడుమ చప్పుడు ఆగితే మనకు గుండె ఆగినంత పనయ్యేది. నువ్వు క్యాంటీన్ల ఉన్నా సరే, చాయ్ గ్లాసు ఆడనే పెట్టి ఉరికొచ్చి, ఏదో ఒక ఫ్లూట్ రికార్డు వేస్తే గాని మాకు ఊపిరి ఆడేది కాదు.

నిన్న గూడ గదే భయం. నా పక్కన ఇంజనీరు సారు వేళ్లు ముందున్న కుర్చీ మీద బటన్ల కోసం తడుముతున్నయ్. ఆఖరికి ఆయన తట్టుకోలేక ఫోన్ తీసి ఏదో పాట పెట్టబోయిండు.

వదిన వెనక్కి తిరిగింది.

"ఆగండి సార్. కొంచెంసేపు ఇట్లనే ఉండనియ్యండి. చప్పుడు ఆగితే ఆయన ఎక్కడున్నా ఉరికొస్తడు."

సారు ఫోన్ జేబుల పెట్టుకున్నడు. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయినయ్. ఒక్కరు గూడ కూసోలేదన్నా. అందరం తలుపు దిక్కే చూస్తున్నం.