లిఫ్టు పక్క చోటుకు మార్కులు

గాజువాక, జూన్ 3

ఫ్లాట్ 304 తాతబాబు గారికి, అసోసియేషన్ సెక్రటరీ ఆశాజ్యోతి నమస్కరించి రాయునది.

వాట్సాప్ గ్రూపులో జరిగిన రభస తరువాత ప్రతి విషయమూ కాగితం మీదే అని తీర్మానించుకున్నాం కదా, అందుకీ ఉత్తరం. లిఫ్టు పక్కనున్న ఒకే ఒక్క పార్కింగు చోటును పర్యావరణానికి అందరికన్నా తక్కువ హాని చేసే కారుకు ఇస్తాం. నూటికి మార్కులు వేస్తాం. ఫారం జతచేశాను, నింపి పంపండి.

ఇట్లు,
ఆశాజ్యోతి

తా.క. నిజాలే రాయండి. ముప్పై ఏళ్లు సైన్సు పేపర్లు దిద్దినదాన్ని.

జూన్ 5

మేడం గారికి, ఫిషింగ్ హార్బరులో చేపల వేలం పాడించే తాతబాబు దండాలు.

మా ఆవిడ గౌరీశ్వరికి మోకాలి ఆపరేషన్ అయింది. గేటు నుంచి లిఫ్టుకు వచ్చేలోగా రెండుసార్లు కూలబడుతోంది. చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటోంది. ఆ చోటు మాకే రావాలి. అందుకే 'కారు పరిస్థితి' అన్న గడిని శ్రద్ధగా నింపాను. రోజూ చేపను చూసినట్టే చూశాను. కళ్లు, అంటే హెడ్‌లైట్లు, తేటగా ఉన్నాయి. బానెట్ ఎత్తితే మొప్పలు బాగానే ఉన్నాయి. టైరు నొక్కితే గుంట పడలేదు. 'ఎగుమతి రకం' అని రాసేశాను.

మీ విధేయుడు,
తాతబాబు

తా.క. వాసన సంగతి మీరు అడగలేదు, నేను రాయలేదు.

జూన్ 8

తాతబాబు గారికి,

మీ కారు చేప కాదు. నాకు కావలసింది పొగ, మైలేజీ, వయసు. నిన్న మీరు బండి స్టార్టు చేసినప్పుడు వెనకే నిలబడ్డాను. తెల్ల చీర బూడిద రంగుకు తిరిగింది. పద్నాలుగేళ్ల డీజిలు బండి కాబట్టి పదకొండు మార్కులు. ఫ్లాట్ 201 సాయిశంకర్ గారి ఎలక్ట్రిక్ కారుకు తొంభై నాలుగు. చోటు ఆయనదే.

విచారిస్తూ,
ఆశాజ్యోతి

తా.క. మీ పదకొండులో ఐదు చేతిరాతకు వేసినవి.

జూన్ 10

మేడం గారికి తాతబాబు దండాలు, కొంచెం కోపంతో.

పొగ కనబడకపోతే పుణ్యాత్ముడేనా? ఆ కరెంటు ఎక్కడో బొగ్గు కాలిస్తే వచ్చిందే కదా. పైగా సాయిశంకర్ వీధి చివర కరివేపాకుకు కూడా ఒక్కడే కారులో వెళ్తాడు. నా ఏడు సీట్ల బండిలో రోజూ చేపలమ్మే ఆడవాళ్లు ఆరుగురు నాతో వస్తారు. హార్బరులో బోటు నడిపే మా ఎల్లాజీ ఏమన్నాడో వినండి. "ఏటి బావా, ఒక్కడికి అంత కారేటి? పొగని తలకింతని పంచి సూడమను మీ మేడంని." బోటు మీద వాటాలు మేం అలాగే వేసుకుంటాం.

న్యాయం కోరుతూ,
తాతబాబు

తా.క. గంపకు కూడా ఒక తల లెక్కవేస్తారేమో చూడండి.

జూన్ 14

తాతబాబు గారికి,

మీరు చెప్పింది సబబే. నాకు ముందే తట్టనందుకు సిగ్గేసింది. బొగ్గునూ కలిపి, తలకింతని పంచి మళ్లీ లెక్క వేశాను. మీకు అరవై మూడు, ఆయనకు యాభై ఎనిమిది. ఈ సంగతి చెబితే సాయిశంకర్ గారి ముఖం వాడిపోయింది. మార్కులు పెంచుకోవడానికి నెలాఖరు దాకా ఇద్దరికీ గడువు ఇచ్చాను.

శుభాకాంక్షలతో,
ఆశాజ్యోతి

తా.క. గంపకు తల లేదు.

జూన్ 29

మేడం గారికి తాతబాబు నిండు మనసుతో రాస్తున్నది.

ఆ చోటు సాయిశంకర్‌కే ఇచ్చేయండి. మీ కొత్త లెక్క విన్న మర్నాడే అతను తలల కోసం తలుపు తలుపూ తట్టాడు. మొదట దొరికింది మా ఆవిడే. పదిహేను రోజులుగా ఫిజియోథెరపీకి తనే తీసుకెళ్లి, తనే తెస్తున్నాడు. దారిలో ఇంకో ముగ్గుర్ని ఎక్కించుకుంటున్నాడు. అతని మార్కులు నన్ను దాటిపోయి ఉంటాయి, చూసుకోండి. నా కారులో ఇన్నేళ్లూ ముక్కు మూసుకుని కూర్చున్న మనిషి, ఆ కారులో కబుర్లు చెబుతూ వెళ్తోంది. అతనికి ఆ చోటిస్తే గౌరీశ్వరి లిఫ్టు ముందే దిగుతుంది. నేను పోట్లాడింది అందుకే కదా.

ఓడి సంతోషిస్తున్న,
తాతబాబు

తా.క. మోకాలు బాగైనా నా బండి ఎక్కనంటోంది. ఆ సీటుకు మీరేమైనా వస్తారా?