రేకుల గదికి చిన్న ప్రాసెసరే

ఎజ్రన్నా,

అమ్మను తీసుకొని ఆరు గంటల బస్సుకు పాములపాడు పెండ్లికి పోతాండా. సంగటి మూతపెట్టినా, తినిపో.

నంద్యాలలో ల్యాప్‌టాప్ కొనేటప్పుడు రెండున్నర గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉండేదే తీసుకో. రెండు పాయింట్ ఎనిమిది వద్దు. రెండింటికీ పెట్టె ఒకటే, లోపల ఫ్యానూ ఒకటే. అంగడాయన ఏసీలో పెట్టి చూపిస్తే పెద్దదే మేలనిపిస్తాది. పక్కూరి స్టూడియో శేఖరన్న ఆ పెద్దదాన్నే తెచ్చి మన రేకుల గదిలో పెండ్లి వీడియో చేస్తే ఏమాయ? ఇరవై నిమిషాలు ఉరికింది. ఆ తర్వాత చెయ్యి పెట్టలేనంత కాలి, మన పాతదాని కంటే నిదానమాయ.

స్క్రీన్ మీద వెలుతురు పడకూడదని కిటికీకి అట్ట కొట్టినావు. టేబుల్ ఫ్యాన్ ల్యాప్‌టాప్ దిక్కే తిప్పినావు. నాలుగేండ్లుగా ఊరందరి పెండ్లిండ్లూ ఆడ ఎడిటింగు చేస్తా కూర్చోనే చూస్తాండా.

రెబెకా

ఇంకోమాట. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే నిదానమైతాది, దాన్ని ఎవరూ ఏమీ అనరు. నేను నిదానమైతే "ఇంకా కాలేదా మే?" అని తలుపు కొడతావు. చిన్నది తెస్తే దానికి బయటి గాలి అక్కర్లేదు. ఫ్యాన్ నా దిక్కు తిప్పు.